పిచ్చుకలకో కాటా

మా బావ తూకం యంత్రాలు బాగుచేస్తాడు. వీధిలో ఆయన్ని ‘ముల్లు’ అంటారు. కాటా ముల్లు ఎలా నట్టనడుమ నిలబడుతుందో, మా అక్కకీ తన తల్లికీ మాటామాటా పెరిగినప్పుడు ఆయనా అలాగే నిలబడతాడు. అటు ఒరిగితే ఇంట్లో భోజనం ఉండదు, ఇటు ఒరిగితే మనశ్శాంతి ఉండదు.

ఆయన తూకం నేర్పు గురించి నేను చెప్పేవి ఎవరూ నమ్మరు. నమ్మకపోతే నాకు పోయేదేం లేదు. కవరు అరచేతిలో పెట్టుకుని లోపల ఎన్ని కాగితాలున్నాయో చెబుతాడు. ఒకసారి క్షౌరశాల నుంచి బయటికొస్తున్న మనిషిని చూసి “నలభై గ్రాములు” అన్నాడు. నేల మీది జుట్టు ఊడ్చి తూస్తే నలభై ఒకటి వచ్చింది. ఆ ఒక్క గ్రాము అంతకు ముందు కూర్చున్న మనిషిదని తర్వాత విచారణలో తేలింది. మా అక్క పెళ్ళికి ముందు మందుల షాపులో పనిచేసేది. అక్కడ కాటా బాగుచేయడానికి వచ్చి, ఆమెని ఎగాదిగా చూసి “నలభై ఎనిమిదిన్నర” అన్నాడు. అక్క కిలో రాయి చేతిలోకి తీసుకుంది. ఆ రాయి అలాగే పట్టుకుని “ఇదెంతుందో చెప్పు చూద్దాం” అంది. “కిలోకి మూడు గ్రాములు తక్కువ” అన్నాడు. అది నిజం కావడంతో పెళ్ళయింది.

నేను తొమ్మిదో తరగతి దగ్గరే చదువుకి సెలవిచ్చాను. నష్టం దానిదే. ఈ కథలో రెండు మూడు చోట్ల కాస్త పెంచి చెప్పాను. ఎక్కడో కనిపెట్టగలిగితే, మీ చదువు ఊరికే పోలేదని సంతోషించండి. కానీ అత్తయ్య బరువు దగ్గర మాత్రం ఒక్క గ్రాము కూడా నేను కలపలేదు. అవన్నీ బావ గోడ మీద సుద్దముక్కతో రాసినవి.

అత్తయ్య అంటే బావ వాళ్ళమ్మ. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు బడిలో లెక్కల టీచరు. బడి మానేసి ఎన్నేళ్ళయినా, ఎవరు తప్పు మాట్లాడినా చేతిలో బెత్తం ఉన్నట్టే చూస్తుంది. ఆ ఏడాది చలి మొదలైన దగ్గర్నుంచి ఆవిడ తిండి మానేసింది. పూర్తిగా కాదు. పాలు తాగేది, అరటిపండు నాలుగోవంతు తినేది. మిగతాదంతా అక్క తీసుకెళ్ళిన కంచం తీసుకెళ్ళినట్టే వంటింటికి తిరిగొచ్చేది.

డాక్టరమ్మ వచ్చి నాడి చూసింది, రక్తం తీసింది, గుండె చప్పుడు వింది. అన్నీ బాగున్నాయంది. నాలుక చూపించమంటే అత్తయ్య కొస మాత్రం బయటపెట్టి వెంటనే లోపలికి లాక్కుంది.

“ఇప్పుడు ముప్పై ఎనిమిది కిలోలున్నారు. ముప్పై అయిదు కంటే కిందికి దిగారంటే ఇక ఇంట్లో కుదరదు. ఆసుపత్రిలో చేర్చి, ముక్కులోంచి గొట్టం వేసి పట్టించాల్సిందే” అంది డాక్టరమ్మ.

“ముక్కుతో తినడానికి నేనేమన్నా ఏనుగునా?” అంది అత్తయ్య.

డాక్టరమ్మ నవ్వలేదు. బావ ముందు గదిలో ఉండే పెద్ద కాటా పక్కన గోడ మీద ముప్పై అయిదు దగ్గర అడ్డంగా గీత గీశాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే అత్తయ్య చెప్పులు విప్పి కాటా ఎక్కేది. బావ అంకె చూసి, గీతకి పైన ఎంత ఎత్తులో ఉందో లెక్కేసి అక్కడ చుక్క పెట్టేవాడు. ఆ చుక్కలు మెట్లు దిగుతున్నట్టు దిగుతుంటే ఇంట్లో ఎవరమూ ఆ గోడ వైపు చూసేవాళ్ళం కాదు.

ఒకరోజు పొద్దున అక్క రొట్టె, ఉడికించిన గుడ్డు పట్టుకుని వెళ్ళేసరికి అత్తయ్య కిటికీ ఊచల మీద రెండు పిచ్చుకలు వాలి ఉన్నాయి. ఆ కిటికీ పెరట్లోకి ఉంటుంది. దాని కింద వరసగా పూలకుండీలు, ఆ తర్వాత ఇరవై అడుగుల నేల, ఆ తర్వాత గోడ.

“ష్! కదలకు” అంది అత్తయ్య. “నువ్వుంటే అవి బెదురుతాయి. కంచం అక్కడ పెట్టి తలుపేసుకుని వెళ్ళు.”

అరగంట తర్వాత అక్క తలుపు తీస్తే కంచం ఖాళీగా ఉంది. అత్తయ్య నిండుగా, పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. అక్క ఖాళీ కంచం పట్టుకుని పరుగు.

“ఏమండీ! తిన్నారు! మొత్తం తిన్నారు! పిట్టలు తింటుంటే చూస్తూ తిన్నారట!”

“తోడు కావాలన్నమాట” అన్నాడు బావ.

“రోజూ నేను పక్కన కూర్చోవట్లా? అది తోడు కాదా?”

బావ నట్టనడుమ నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నమే పాత నూనెడబ్బా కోసి గింజలు పెట్టే డబ్బా ఒకటి తయారుచేశాడు. నిలువెత్తు ఇనపగొట్టం పాతి, దాని తలమీద బిగించాడు. సజ్జలు, నూకలు పోశాడు. మర్నాటికి ఏడు పిచ్చుకలొచ్చాయి. మూడు పూటలా తలుపు మూసేవాళ్ళం, మూడు పూటలా కంచం ఖాళీ. మేం గుమ్మం బయట నిలబడి పిట్టల అరుపులు వింటూ, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని తలలూపుకునేవాళ్ళం.

నాలుగోరోజు ఉడుత వచ్చింది.

వచ్చి, ముందు కిటికీ కింద కుండీల మధ్య కాసేపు తిరిగింది. తర్వాత గొట్టం ఎక్కి డబ్బాలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గింజ తినేది, పొట్టు పిచ్చుకల మీదికి ఊసేది. పిచ్చుకలు గోడెక్కి కూర్చున్నాయి. పిట్టలు లేవు కాబట్టి తలుపు మూయక్కర్లేదు. అక్క వెళ్ళి పక్కన కూర్చుంది. కంచం నిండుగా తిరిగొచ్చింది. ఆ ఆదివారం గోడ మీద చుక్క ముప్పై ఏడు కిలోల రెండొందల గ్రాముల దగ్గర పడింది.

“అయితే ఉడుతని ఆపాలి” అన్నాడు బావ. అంతే. ఇంకో మనిషయితే రాయి విసురుతాడు. బావ ఇంట్లోకెళ్ళి మఖమలు గుడ్డ పరిచిన చెక్కపెట్టె తెచ్చాడు. అందులో ఇత్తడి తూకం రాళ్ళుంటాయి. వాటిని ఆయన వేలితో ముట్టుకోడు, చేతి చెమట అంటితే బరువు మారుతుందని చిన్న పట్టకారుతో తీస్తాడు. పెళ్ళాం చెయ్యయినా అంత జాగ్రత్తగా పట్టుకోలేదని అక్క ఫిర్యాదు.

“పిచ్చుక పాతిక గ్రాములు. ఉడుత నూట ఇరవై. మధ్యలో అరవై దగ్గర గీత గీద్దాం” అన్నాడు.

డబ్బా ముందు పిట్ట వాలే పుల్లని తక్కెడ కాడలా అమర్చాడు. దాని మీద అరవై గ్రాములు దాటి బరువు పడితే పైనుంచి మూత దిగుతుంది. రెండు వైపులా సమంగా నిలవకపోతే ఆ తేడాని వాళ్ళ పనిలో పాసంగం అంటారు. ఆ పాసంగం తీయడానికి సాయంత్రం దాకా కూర్చున్నాడు. అరవై గ్రాముల రాళ్ళు పెడితే మూత కదల్లేదు. వాటి పక్కన ఒక్క గ్రాము రాయి పెడితే ‘టప్’మని పడింది. నేను చప్పట్లు కొట్టాను.

ఉడుత వచ్చింది, మూత పడింది, ఉడుత వెళ్ళింది. పిచ్చుకలొచ్చాయి. అయిదు ఒకేసారి పుల్ల మీద వాలాయి. టప్! అయిదూ ఒకేసారి లేచిపోయాయి. రెండు రోజులు ఇంటి ఛాయలకి రాలేదు.

బావ చాలాసేపు పుల్ల వైపే చూశాడు. “వీటికి వరస తెలీదేమిటి? ఒకదాని తర్వాత ఒకటి రావాలిగా?”

“బావా, నీ కొట్టుకొచ్చే మనుషులే వరసలో రారు” అన్నాను.

ముప్పై ఏళ్ళుగా పళ్ళెంలో ఒక్కసారికి ఒక్క వస్తువే పెట్టి తూచిన మనిషి ఆయన. గుంపుగా వచ్చి భోంచేసే ప్రాణులుంటాయన్న ఆలోచనే తట్టలేదు. మళ్ళీ విప్పి, ఆరు పుల్లలు, ఆరింటికీ వేరువేరు మూతలు పెట్టాడు. పిచ్చుకలు ఒప్పుకున్నాయి. ఉడుత కూడా ఒప్పుకుంది. అది డబ్బా కప్పు మీదికెక్కి, వెనక కాళ్ళతో అంచు పట్టుకుని తలకిందులుగా వేలాడి, పుల్లని తాకకుండా తినడం మొదలెట్టింది. తినే ముందు రోజూ ముందరి కాలితో పుల్లని ఒకసారి నొక్కి, మూత దిగుతోందో లేదో చూసి వదిలేది. బావ కాటాలు సరిచూసే పద్ధతి కూడా అచ్చం అదే.

తర్వాత కారం. పిట్టలకి కారం మంట తెలియదని బావ ఎక్కడో విన్నాడు. గింజల్లో గుప్పెడు కారప్పొడి కలిపాడు. పిచ్చుకలు హాయిగా తిన్నాయి. ఉడుత ఒక గింజ నోట్లో వేసుకుని, దిగి, పెరటి కొళాయి తిప్పుకుని నీళ్ళు తాగి, కొళాయి కట్టేసి మళ్ళీ ఎక్కింది. తుమ్మింది మాత్రం కిటికీలో ఉన్న అత్తయ్య. పూటకి పదకొండు తుమ్ములు.

తర్వాత గొట్టానికి గ్రీజు. ఉడుత సగం దాకా ఎక్కి, జారి, నేల మీద కూర్చుని తన చేతులు చూసుకుంది. మేం నవ్వాం. అది నేరుగా బట్టలారేసిన తీగ మీదుగా వెళ్ళింది.

“ఏమండీ, ఉడుతని ఆపమంటే మీ తెల్లచొక్కా మీదికి ఎక్కించారు” అంది అక్క. చొక్కా వీపు మీద నల్లటి చిన్న చిన్న చేతులు, వరసగా, భుజం దాకా.

ఈ యుద్ధం జరుగుతున్నంతకాలం పిచ్చుకలు ఒకపూట ఉండేవి, ఒకపూట ఉండేవి కావు. కంచమూ అంతే. గోడ మీద చుక్క ముప్పై ఆరున్నరకి దిగింది.

చివరికి బావ పనికి సెలవు పెట్టాడు. పక్కింటి దర్జీ ఆవిడని అడిగి, మా గోడ మీదికి వంగిన వాళ్ళ చెట్టుకొమ్మ కొట్టించాడు. గోడ అంచు పొడుగునా నున్నటి రేకు బయటికి వంచి బిగించాడు. రేకులు మోసింది నేను. మేకులు కొట్టింది ఆయన. బొటనవేలి మీద పడిన దెబ్బలు మాత్రం చెరిసగం. ఆరు రోజులు పట్టింది. బుధవారం సాయంత్రం ఉడుత గోడ బయటి నుంచి ఎక్కబోయి రేకు దగ్గర ఆగింది. మూడుసార్లు ప్రయత్నించింది. మూడుసార్లు జారింది. తర్వాత అది దర్జీ ఆవిడ ఇంటి కప్పు మీదికెక్కి గంటసేపు మమ్మల్ని తిట్టింది. మర్నాడు పొద్దున సామాను సర్దుకుని వెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను.

ఇంక పెరడంతా పిచ్చుకలదే. ఒకరోజు పద్నాలుగు లెక్కపెట్టాను. కంచం మూడు పూటలా ఖాళీ. అక్క అన్నంలో ఒక గరిటె ఎక్కువ వేసింది, అదీ ఖాళీ. ఆదివారం అత్తయ్య కాటా ఎక్కేముందు బావ సుద్దముక్కతో గోడ మీద పైన చెయ్యి ఆనించి సిద్ధంగా ఉన్నాడు.

ముప్పై అయిదు కిలోల ఏడొందలు.

బావ చెయ్యి దించాడు. “దిగి మళ్ళీ ఎక్కమ్మా.”

మళ్ళీ ఎక్కింది. అదే.

“ఇంత తింటుంటే తగ్గడమేమిటి? కాటా తప్పయి ఉంటుంది” అన్నాడు.

ఆ మాట ఆయన నోట వింటానని నేనెప్పుడూ అనుకోలేదు. దుకాణాల వాళ్ళు అలాగంటే, “కాటాకి మొహమాటం ఉండదండీ, మీకుంటుంది” అని చెప్పే మనిషి. అలాంటివాడు కాటా వెనక పలక విప్పాడు. స్ప్రింగు పాతబడిందన్నాడు. కొంచెం సాగిందన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఎందరు ఎన్నిరకాలుగా బతిమాలినా తిప్పని మరని ఆరోజు పావుచుట్టు తిప్పాడు. అత్తయ్య మళ్ళీ ఎక్కితే ముప్పై ఆరు ఎనిమిదొందలు చూపించింది. గోడ మీద చుక్క పెట్టాడు. అక్క “హమ్మయ్య” అంది. బావ మాత్రం అనలేదు.

సోమవారం అంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మంగళవారం పొద్దున నేను వెళ్ళేసరికి పెద్ద కాటా మీద కాటాలు సరిచూసే ఇరవై కిలోల రాయి ఉంది. ముల్లు ఇరవై దాటి నిలబడి ఉంది. ఆయన దాని ముందు గొంతుకూర్చుని ఉన్నాడు.

“ఏంటి బావా?”

“కాటా తప్పు కాదురా. నేనే తప్పు చేశాను.” మరని పావుచుట్టు వెనక్కి తిప్పాడు. ముల్లు ఇరవై మీదికొచ్చి ఆగింది. గోడ మీద చుక్క తుడిచి, కిందికి జరిపి పెట్టాడు. గీతకీ చుక్కకీ మధ్య ఇప్పుడు నా రెండు వేళ్ళు కూడా పట్టవు. “కాటా తప్పు కాకపోతే కంచం తప్పు” అన్నాడు.

లేచి పెరట్లోకి వెళ్ళాడు. వెనకే నేను. కిటికీ కిందికి గోడ వారగా చీమల బారు ఒకటి పోతోంది. దాని వెంటే వెళ్ళి ఒక కుండీ పక్కకి జరిపాడు.

రొట్టెముక్కలు. అన్నం ముద్దలు. నాలుగు ముక్కలు చేసిన గుడ్డు. అరటిపండు. కొన్ని ఎండిపోయాయి, కొన్నింటికి బూజు పట్టింది. ఇన్నాళ్ళూ ఉడుత వచ్చి ఒక్క మెతుకు మిగల్చకుండా ఊడ్చిపెట్టేది. మేం దాన్ని తరిమేశాం కాబట్టి మిగిలిపోయాయి.

ఇంకో మనిషయితే అరుస్తాడు. బావ చీపురు, చేట తెచ్చి అంతా ఎత్తాడు. పళ్ళెంలో పోసి తూచాడు. ఆ పళ్ళెం పట్టుకెళ్ళి అత్తయ్య మంచం మీద, ఆవిడ ఎదురుగా పెట్టాడు. అక్క వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

“అమ్మా, ఇది అయిదారు రోజులది. చీమలు తిన్నది పోగా ఏడొందల పది గ్రాములు.”

అత్తయ్య పళ్ళెం వైపు చూసింది. “పిట్టలకి వేశాను.”

“పిట్టలు ఇన్ని గుడ్లు తినవమ్మా.”

“కొత్తరకం పిట్టలేమో.”

బయట పిచ్చుకలు తమ పాటికి తాము తింటున్నాయి.

“అత్తయ్యా” అంది అక్క, గొంతు సన్నగా. “నా వంట నచ్చకపోతే మొహానే చెప్పొచ్చుగా. నేనేమన్నా అంటానా?”

“అంటావు” అంది అత్తయ్య. తర్వాత తల దించుకుంది. “నీ వంటకేమే. బాగుంటుంది. నువ్వు పోపు వేస్తే ఇక్కడ వాసనకే నాకు ఏడుపొచ్చేది.”

కొంగు అడ్డం పెట్టుకుని, నోట్లోంచి పై పళ్ళ కట్టు తీసింది. తర్వాత కింది కట్టు. రెండూ పళ్ళెంలో, రొట్టెముక్కల పక్కన పెట్టింది. బావ కిటికీ వెలుగులోకి ఆవిడ మొహం తిప్పి చూశాడు. కింది చిగుళ్ళ పొడుగునా పుళ్ళు. ఒకచోట తెల్లగా పాలిపోయి ఉంది.

ఆ పళ్ళ సంగతి మాకందరికీ తెలుసు. చలికాలం ముందు కట్టించుకున్నవి. పళ్ళ డాక్టరు ముందు చూపించిన వరసని “ఇవి ఎలక పళ్ళు” అని ఆవిడ ఒప్పుకోలేదు. టీచరుగా ఉన్నప్పటి ఫొటో ఒకటి తీసుకెళ్ళి, ఇందులో ఉన్నంత పెద్ద పళ్ళు కావాలంది. “పెద్దమ్మా, మీ దవడ ఇప్పుడు చిక్కిపోయింది. ఇంత పెద్ద పళ్ళు పెడితే ఒరుసుకుంటాయి. తర్వాత నన్ననకండి” అన్నాడాయన. “నొప్పంటే నా పేరు మార్చుకుంటా” అంది ఆవిడ, అక్కడ కూర్చున్న ఎనిమిదిమంది ముందు.

“అంతమందిలో అనేశాక ఎలా చెప్పమంటావురా?” అంది అత్తయ్య. పళ్ళు లేకపోవడంతో మాట గాలిలా వచ్చింది. “మీరు పక్కనుంటే నమిలినట్టు నటించాలి. పిట్టలు బెదురుతాయంటే మీరు తలుపేసుకుని పోయేవాళ్ళు.”

“గొట్టం వేస్తారని తెలిసి కూడానా?”

“అంతదాకా రాదులే అనుకున్నాను.”

“ముప్పై అయిదు ఏడొందలమ్మా.”

“ముప్పై ఆరు ఎనిమిదన్నావుగా మొన్న?”

ఆ ఇంట్లో ఆరోజు ఇద్దరు పట్టుబడ్డారు. బావ ఆవిడ పాదాల దగ్గర మంచం అంచున కూర్చుని, “అది నేను తప్పు చూశాను” అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగి, “గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పేసి తీసుకురా” అన్నాడు.

ఆ సాయంత్రమే వెళ్ళాం. పళ్ళ డాక్టరు తలుపు తీసి, మమ్మల్ని నలుగుర్నీ చూసి, ముందు నోరు చూడలేదు.

“రండి పెద్దమ్మా. కొత్తపేరు ఏం పెట్టుకున్నారు?”

“ముందు నీ పని చూడు” అంది అత్తయ్య.

ఆయన నీలం కాగితం కొరికించాడు. పళ్ళకట్టు మీద నీలం అంటిన చోటల్లా చిన్న చక్రంతో అరగదీశాడు. మళ్ళీ కొరికించాడు. బావ ఆయన భుజం మీదుగా వంగి “ఇంకో అర గ్రాము తీయండి, ఎడమవైపు పాసంగం ఉంది” అన్నాడు. డాక్టరు ఆయన్ని బయట కూర్చోమన్నాడు. పుళ్ళు మానేదాకా వారంరోజులు పళ్ళు పెట్టుకోవద్దన్నాడు.

ఆ వారం అక్క అన్నీ మెత్తగా మెదిపి పెట్టింది. తలుపు తీసే ఉంది, మేం ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. ఆదివారం కాటా ముప్పై అయిదు కిలోల వంద గ్రాములు చూపించింది. సుద్దచుక్క గీతని దాదాపు తాకింది. ఆ తర్వాతి ఆదివారం ముప్పై అయిదు తొమ్మిదొందలు. ఆ పైవారం ముప్పై ఆరు ఏడొందలు. డాక్టరమ్మ వచ్చి చూసి, ఇక నెలకోసారి వస్తే చాలంది.

ఆమె అటు వెళ్ళగానే అత్తయ్య, “ఒరేయ్, ఆ గోడ మీద రేకులు పీకెయ్” అంది.

“ఆరు రోజులు పట్టిందమ్మా బిగించడానికి.”

“పీకడానికి ఒక్కరోజు చాలుగా. రెండు నెలలు నా పరువు కాపాడింది ఆ ఉడుతే. పాపం ఎక్కడ తిరుగుతోందో.”

రేకులు మళ్ళీ నేనే మోశాను. మూడోరోజు ఉడుత గోడ దిగింది. నేరుగా కిటికీ కిందికొచ్చి కుండీల మధ్య ఈ చివర్నుంచి ఆ చివరికి వెతికింది. అక్కడేం లేదు. కాసేపు కూర్చుంది. తర్వాత గొట్టం ఎక్కి, డబ్బా కప్పు పట్టుకుని తలకిందులుగా వేలాడింది. పిచ్చుకలు గోడెక్కాయి.

అత్తయ్య నోటినిండా రొట్టె పెట్టుకుని, చెంచాతో కిటికీ ఊచల మీద టకటకా కొట్టింది. “పో! పో దొంగమొహమా! వాటిని తిననీ!”

“అత్తయ్యా, తింటూ అరవకండి, పొలమారుతుంది” అంది అక్క.

“నువ్వు ఆ గుడ్డు ఇటివ్వు” అంది అత్తయ్య.